యానాం బండి, యూరప్ ఫైలు

ఆక్టేవియా ఆర్ఎస్, నంబరు పీవై-04తో మొదలవుతుంది. అంటే యానాం రిజిస్ట్రేషన్. యజమానిదీ యానామే, ఉద్యోగం పుదుచ్చేరిలో. మేట్టుపాళయం పారిశ్రామికవాడ పక్క షెడ్డులో కారు ఆపి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"యూరప్ బండి ఫైలు దొరికింది తమ్ముడూ. నూట ఎనభై హార్స్‌పవర్. ఎక్కించేయ్."

ట్యూనింగ్ కుర్రాడిది విల్లుపురం వైపు తెలుగు కుటుంబం. పెన్‌డ్రైవ్ అందుకుని బల్ల మీద పెట్టేశాడు.

"ముందు మీ బండిలో ఏముందో చదవనివ్వండన్నా."

2004లో స్కోడా ఈ కారును మన దేశంలో దించినప్పుడు, 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిను 150 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. యూరప్‌లో అదే పేరున్న కారుకు 180, 235. మనవాళ్లకే తక్కువ చేసి అంటగట్టారన్న బాధ ఆర్ఎస్ యజమానుల్లో ఇప్పటికీ ఉంది. లక్షలు పోసి కొన్నవాడి బాధ అది, తీసిపారేయలేను. అయితే ఆ రోజుల్లో మన బంకుల్లో మామూలు పెట్రోల్ ఆక్టేన్ 88. అక్కడ 95, 98. ఆక్టేన్ చాలకపోతే, ప్లగ్గు రాజేసిన మంట చేరేలోపే సిలిండర్‌లో మిగిలిన మిశ్రమం తనంతట తనే పేలుతుంది. అదే నాకింగ్. అలాగే తోలితే పిస్టన్లు పోతాయి. 150 అనే అంకెలో పిసినారితనమే చూసేవాళ్లకు ఈ పెట్రోల్ సంగతి గుర్తుండదు.

ఇంజిన్ కంప్యూటర్ బాష్ ఎంఈ 7.5. పెట్టె విప్పి, ఫ్లాష్ చిప్పులో ఉన్న ఒక మెగాబైటూ చదివి, రెండు చోట్ల దాచాకే రెండు ఫైళ్లనూ తెర మీద పక్కపక్కన తెరిచాడు కుర్రాడు. ప్లగ్గు ఎప్పుడు రాజేయాలో చెప్పే స్పార్క్ టేబుల్‌లో ఒక అంచున ఆర్‌పీఎం, ఇంకో అంచున లోడు.

"ఈ గడిలో నలభై ఉందా? డిగ్రీలు కాదన్నా. 0.75తో గుణించాలి, అప్పుడు ముప్పై. ఒక్క అంకె జరిగితే ముప్పావు డిగ్రీ జరిగినట్టు."

"మరి టర్బో బూస్టు?"

"తర్వాత. ఈ ఫైలు ఏ ఇంజెక్టర్లకి, ఏ గాలి మీటరుకి రాశారో తేలాలి. అవి వేరైతే కంప్యూటర్ వేసే లెక్కలన్నీ తప్పుతాయి."

ఇంజెక్టర్ల మీది పార్టు నంబర్లు టార్చి వేసి రాసుకున్నారు. అంతలో యజమానికి ఒక ఆశ పుట్టింది. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 వస్తోంది, ఆక్టేన్ 95 అంటున్నారు కదా! నిజమే. కానీ మామూలు పెట్రోల్ కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఇ20కి సుమారు 13.5 చాలు. అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలన్నమాట. స్కానర్‌లో 32వ బ్లాకు చూస్తే, ఈ కొరతను పూడ్చడానికి పాత కంప్యూటర్ తనంతట తను ఎంత కలుపుకుంటోందో తెలుస్తుంది. యూరప్ ఫైలు రాసినవాళ్ల ముందు ఈ పెట్రోలూ లేదు, మన మే నెల గాలీ లేదు.

పరీక్ష ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చేద్దామన్నాడు యజమాని. కుర్రాడు ససేమిరా అన్నాడు. ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కి వెళ్లారు. యూరప్ స్పార్క్ టేబుల్ ఒక్కటే ఎక్కించి, ల్యాప్‌టాప్‌ను 20వ బ్లాకు మీద పెట్టారు. నాకింగ్ వినబడ్డప్పుడు కంప్యూటర్ ఏ సిలిండర్‌లో స్పార్కును ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో ఆ బ్లాకు చూపిస్తుంది. మొదటి రౌండు హాయిగా గడిచింది. ఆ తర్వాత బంపర్ మూలనున్న చిన్న ఇంటర్‌కూలర్ కాగిపోయింది. మూడో సిలిండర్ దగ్గర అంకె మూడు దాటింది, ఆరుకి చేరింది.

"యాక్సిలరేటర్ వదిలేయండన్నా!"

వదిలేశాడు. పిట్‌లోకి వచ్చాక ఇద్దరూ లాగ్ చదివారు. ముందుకు జరిపిన డిగ్రీలన్నీ కంప్యూటర్ వెనక్కి లాక్కుంది, పైపెచ్చు ఇంకొంచెం కూడా. స్పార్క్ టేబుల్ మళ్లీ మనదే పెట్టారు. బూస్టు మాత్రం కొద్దిగా, ఆ ఇంటర్‌కూలర్ తట్టుకునేంతే పెంచారు.

కొన్ని నెలలకు అదే షెడ్డుకి ఇంకో ఆర్ఎస్ వచ్చింది. ఎవరో ఎక్కించిన ఫైలుతో, లోడు పడితే చాలు, టకటకమంటోంది. అసలు ఫైలు ఎవరూ దాచలేదు. ఇలా ఎన్ని బండ్ల ఫ్యాక్టరీ ఫైళ్లు మాసిపోయాయో తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. మన ఎండకీ మన పెట్రోల్‌కీ ఇంజనీర్లు కుదిర్చిన లెక్క అది. కుర్రాడు కంప్యూటర్ మీది లేబుల్ చూశాడు. పార్టు నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ యానాం బండివే. తాళానికి సంబంధించిన ఇమ్మొబిలైజర్ వివరాలు వేరే చిన్న చిప్పులో ఉంటాయి గనక ఇబ్బంది లేదు. దాచిన ఫైలు వీళ్లకివ్వచ్చా అని యానాం బండి యజమానికి ఫోన్ చేశాడు.

"ఇచ్చేయ్ తమ్ముడూ. కాపీ ఒకటి వాళ్ల చేతిలోనే పెట్టు, మళ్లీ పోగొట్టుకోకుండా."