బెల్టు కూత

మా నాయన దగ్గర ఇరవై ఏళ్ళనాటి మారుతి 800 ఒకటుంది. చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే వీధి చివరిదాకా వినపడేలా కీచుమనేది. రెండు నిమిషాలు కుయ్యిమని ఊరుకునేది. దానికి ఆయన దగ్గర ఒక మందుంది: బట్టల సబ్బు ముక్క. ఇంజన్ ఆపి, బెల్టు పక్కలకి రెండువైపులా రుద్దేవాడు. శబ్దం పోయేది. వారానికి మళ్ళీ వచ్చేది. మళ్ళీ సబ్బు.

పోయిన ఏప్రిల్లో హిందూపురం నుంచి లేపాక్షికి వస్తున్నాం. బండి నేనే నడుపుతున్నాను. ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగింది. కాసేపటికే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. రోడ్డు పక్కన చెట్టు కూడా లేదు. ఆ బండిలో ఆల్టర్నేటర్నీ, ఇంజన్ని చల్లార్చే నీళ్ళు తిప్పే పంపునీ ఒకటే బెల్టు నడుపుతుంది. సబ్బుతో నున్నబడ్డ బెల్టు ఇక అరవలేదు, పట్టుకోనూ లేదు, జారుతూ పోయింది. హెడ్ గాస్కెట్ పోయింది. మెకానిక్ ఇంజన్ విప్పుతూ ఒక్క మాటన్నాడు: "అది అరిచినప్పుడే ఇనుకోనుంటే బెల్టు ఖర్చుతో పోయేది సార్. మీరు దాని నోరు మూసేసినారు."

సర్వర్ నుంచి రోజూ వచ్చే హెచ్చరికల్ని మ్యూట్ చేసే ఉద్యోగం చేస్తున్నవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు కొంచెం ఎక్కువే తగిలింది. అసలు బెల్టు ఎందుకు అరుస్తుంది, ఎప్పట్నుంచి అరుస్తోంది అని చదవడం మొదలుపెట్టాను.

బెల్టు చేసే పని పశువుల్ని కట్టే ప్రతివాడికీ తెలుసు. తెంపుకుపోయే దూడ పలుపుని గుంజకి ఒక చుట్టు చుడితే చేతికి సగం బరువు కూడా తెలీదు. రెండు చుట్లు చుడితే చిన్నపిల్లాడైనా ఆపగలడు. ఈ సంగతికి లెక్క కట్టినవాడు 18వ శతాబ్దపు ఆయిలర్. రాపిడి గుణకం 0.3 అనుకుంటే ఒక చుట్టుకి పట్టు ఆరున్నర రెట్లు, రెండు చుట్లకి నలభై రెట్లకి పైనే పెరుగుతుంది. పలుపు బిగుతుగా ఉన్నంతవరకే ఈ లెక్క. వదులైతే గుంజ మీద జారుతుంది. జారి, పట్టుకుని, మళ్ళీ జారి, సెకనుకి కొన్ని వందలసార్లు ఇలా జరిగితే అదే కూత. వయొలిన్ కమాను తీగ మీద చేసే పనీ ఇదే. అక్కడ దాన్ని సంగీతం అంటాం.

మన దగ్గర బెల్టు మొదట ఇనుప యంత్రానికి కాదు, రాట్నానికి వచ్చింది. పెద్ద చక్రాన్నీ కదురునీ కలిపే దారమే బెల్టు. భారతదేశంలో రాట్నం గురించి దొరికిన తొలి స్పష్టమైన ప్రస్తావన 1350లో ఇసామీ రాసిన 'ఫుతూహ్-ఉస్-సలాతీన్' అనే పారశీక కావ్యంలో ఉందని ఇర్ఫాన్ హబీబ్ చూపించారు. అది ఢిల్లీలో కాదు, మన దక్కనులో, బహమనీల నీడన పుట్టిన పుస్తకం. విజయనగరం అప్పటికింకా పసిరాజ్యం. తర్వాత రెండువందల ఏళ్ళలోపే లేపాక్షి వీరభద్రస్వామి గుడి కప్పు మీద ఆ చీరల అంచుల్ని, గళ్ళని, పూలని చిత్రించారు. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు. నేనీ మధ్య తలెత్తి ఆ చీరల్ని చూస్తున్నాను. అలాంటి బట్టల వెనక ఎన్ని రాట్నాలు తిరిగి ఉంటాయో అనుకుంటూ.

అమెరికాలో 1828లో పాల్ మూడీ అనే మిల్లు ఇంజనీరు లోవెల్ ఊళ్ళో పళ్ళచక్రాలకి బదులు తోలు బెల్టులు పెట్టాడు. కొన్నాళ్ళకి ఫ్యాక్టరీ అంటే పైకప్పు కింద పొడుగాటి ఇరుసు, దానినుంచి ప్రతి యంత్రానికీ దిగే బెల్టు అన్నట్టు అయిపోయింది. ఫ్రెడరిక్ టేలర్ 1893లో బెల్టుల మీదే ఒక పెద్ద వ్యాసం చదివాడు. పనివాళ్ళ వేళ్ళ అంచనాకి వదిలేయకుండా స్ప్రింగ్ త్రాసుతో బిగువు కొలవాలనీ, జారాక కాదు, జారకముందే బిగించాలనీ దాని సారం. తర్వాత 1917లో జాన్ గేట్స్ 'వి' ఆకారపు రబ్బరు బెల్టు తెచ్చాడు. గాడిలో ఆపులా కూరుకుంటుంది కాబట్టి చదును బెల్టుకంటే దాదాపు మూడు రెట్లు పట్టు. నాయన సబ్బు రుద్దింది సరిగ్గా ఆ పట్టుండే పక్కలకే.

ఎందుకు రుద్దాడో తర్వాత తెలిసింది. మా తాత బావి మీద ఆయిల్ ఇంజన్ ఉండేది. ఇంజన్నుంచి పంపుకి చదును బెల్టు. అది జారితే తాత రోజిన్ పొడి చల్లేవాడు. వయొలిన్ కమానుకి పూసేదే. రోజిన్ పట్టు పెంచుతుంది, సబ్బు తగ్గిస్తుంది. ఏదో పూస్తే అరుపు ఆగిపోతుందన్నంతవరకే చిన్నప్పటి నాయనకి గుర్తుండిపోయింది.

బావిలో నీళ్ళు దిగేకొద్దీ తాత ఆ పంపుని బావి గోడకి తొలిచిన గట్టు మీదికి దించాడు. పీల్చే పంపు ఏడెనిమిది మీటర్లకంటే లోతునుంచి నీళ్ళు ఎత్తలేదు. గాలి బరువు పెట్టిన హద్దు అది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే నేల మనది. తొంభైలలో బోరు వేశారు. మోటారూ పంపూ ఒకే ఇరుసు మీద, భూమిలోపల. బెల్టు లేదు, జారడం లేదు, శబ్దం లేదు. నీళ్ళు అయిపోయేముందు హెచ్చరించేది కూడా ఏమీ లేదు. మా మొదటి బోరు ఒకరోజు చప్పుడు లేకుండా ఎండిపోయింది.

కార్లలోనూ ఇదే దారి. 1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో ఒక్క పొడవాటి గీతల బెల్టు అన్నిటినీ తిప్పడం మొదలైంది. 2000 ప్రాంతం నుంచి ఆ బెల్టుల రబ్బరు మారింది. పాతది పగుళ్ళు చూపించేది. కొత్త ఇపిడిఎమ్ రబ్బరు పగలకుండానే అరిగిపోతుంది. గేజి పెట్టి గాడి లోతు కొలిస్తే తప్ప తెలియదు.

ఇంజన్ బాగయ్యాక మెకానిక్ నాకో పరీక్ష నేర్పాడు. ఇంజన్ తిరుగుతుంటే, చేతులూ చొక్కా దూరంగా పెట్టి, బెల్టు మీద కొంచెం నీళ్ళు చిలకరించాలి. కూత కాసేపు ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరసలో లేనట్టు. వెంటనే ఎక్కువైతే బెల్టు వదులైనట్టు. ఇంజన్ ఆపి, రెండు పుల్లీల నడిమధ్య బొటనవేలితో నొక్కితే అర అంగుళం కంటే లోపలికి పోకూడదు. అద్దంలా మెరుస్తుంటే బిగించి లాభం లేదు, మార్చాల్సిందే.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు బండి మళ్ళీ సన్నగా కీచుమంది. నాయన ఇంట్లోకి వెళ్ళాడు. సబ్బుకే అనుకున్నాను. చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చాడు. "చూడు అబ్బీ, ఏం చెప్తాందో."