11 రూపాయల 10 అణాల 8 పైసలు: ఒక రాజరికం లెక్క

ప్రపంచంలో ఇప్పటికీ నలభైకి పైగా దేశాలకు అధినేత ఒక రాజో, రాణో, సుల్తానో, అమీరో. వాటిలో 15 దేశాలకు ఒక్క మూడో చార్లెసే రాజు. ఈ కాలంలో ఇంకా రాజులేంటి అని మన తరం వాళ్లు నవ్వుకోవడం మామూలే. నాకు మాత్రం ఆ నవ్వు కంటే ముందు ఒక సందేహం వస్తుంది. చేతిలో అధికారమంటూ ఏమీ మిగలని మనిషికి ఒక దేశం తరాల తరబడి జీతం ఎందుకు ఇస్తుంది? ఆ జీతం దగ్గర పేచీ వస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ లండన్ దాకా పోనక్కర్లేదు. జమ్మలమడుగుకు ఉత్తరాన, ఎంతో దూరం లేని నొస్సం దాకా పోతే చాలు.

ముందు ఇప్పటి రాజుల సంగతి చూద్దాం. సౌదీ అరేబియా, బ్రూనై లాంటి చోట్ల రాజే ప్రభుత్వం. అక్కడ అర్థం కానిదేమీ లేదు. చిత్రమంతా మిగతా దేశాల్లోనే ఉంది. జపాన్ రాజ్యాంగం ప్రకారం చక్రవర్తి దేశానికి చిహ్నం, అంతే. పరిపాలనకు సంబంధించి ఆయనకు ఏ అధికారమూ లేదని అందులోనే రాసుకున్నారు. ఆ కుటుంబం ఆస్తి ఇవ్వాలన్నా, పుచ్చుకోవాలన్నా పార్లమెంటు ఒప్పుకోవాలి. స్వీడన్ 1974లో రాసుకున్న కొత్త రాజ్యాంగ చట్టంతో ప్రధానిని ప్రతిపాదించే పని కూడా రాజు దగ్గర్నుంచి తీసి స్పీకరుకు ఇచ్చేసింది. మలేషియాలో తొమ్మిది రాష్ట్రాల వంశపారంపర్య పాలకులు తమలో ఒకర్ని ఐదేళ్లకోసారి దేశానికి రాజుగా ఎన్నుకుంటారు.

అన్నిటికంటే తమాషా బెల్జియంది. 1990లో గర్భస్రావ చట్టం మీద సంతకం పెట్టడానికి రాజు బోడువాకు మనసొప్పలేదు. మంత్రులు ఏం చేశారు? రాజు పాలించే స్థితిలో లేడని ప్రకటించి, ఆయన బదులు తామే సంతకాలు పెట్టేశారు. ఆ తర్వాత పార్లమెంటు ఆయన్ని మళ్లీ రాజును చేసింది. మొత్తం వ్యవహారం రెండు రోజుల్లోపే ముగిసిపోయింది. రాజు లేకపోతే రాజ్యం ఆగదని దీంతో ఆయనకూ తెలిసింది, జనానికీ తెలిసింది. అయినా ఆయన్ని ఉంచుకున్నారు.

అంటే ఆధునిక రాజరికం ఒక బేరం. అధికారం మాకిచ్చెయ్యి, గౌరవం నువ్వుంచుకో, ఖర్చులకు మేమిస్తాం. ఈ బేరాన్ని మా జిల్లాలో 1800లో మొదలుపెట్టినవాడు థామస్ మన్రో.

*

మా ప్రొద్దుటూరు అంగళ్ల ఊరు. కోట చూడాలంటే జమ్మలమడుగు దాటి గండికోటకు పోవాల్సిందే. పెన్నేరు కొండను నిలువునా కోసుకుంటూ పోయిన చోట, ఆ లోయ అంచున ఉంటుంది కోట. విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు దాన్ని ఏలారు. పదిహేడో శతాబ్దం మధ్యలో అది గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఆయన్ని కలవడానికి అక్కడిదాకా వచ్చాడు. ఆ తర్వాత మొగలులు, కడప నవాబులు, హైదరలీ, టిప్పు, నిజాము, ఇట్లా పైన దొరలు మారుతూనే పోయారు.

కింద మారనివాడు పాలెగాడు. కొన్ని ఊళ్లు, ఒక మట్టికోట, చేతికింద ఈటెలు పట్టిన కట్టుబడి బంట్లు. ఊరికి కావలి కాయడం అతని పని. దొంగతనం జరిగితే సొమ్ము తెచ్చివ్వాలి, లేదా తనే కట్టుకోవాలి. అందుకు బదులుగా ఊరి నుంచి రుసుము తీసుకుంటాడు. పైవాడు బలహీనపడితే అతనికి కట్టాల్సిన పేష్కష్ ఎగ్గొడతాడు, పక్క పాలెం మీద పడతాడు. కాపలాదారు, దోపిడీదారు, న్యాయం చెప్పేవాడు, మూడూ ఒకడే. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసిన మెకంజీ కైఫియతులు తిరగేయండి. ఈ వంశాల పుట్టుక, గుడి మాన్యాలు, తగాదాలు ఊరూరికీ కనిపిస్తాయి.

1800 అక్టోబరులో నిజాము తన దగ్గర ఉంచే కంపెనీ సైన్యం ఖర్చు కింద ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. అవే దత్తమండలాలు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో లెక్కలో ఎనభై మంది పాలెగాళ్లు తేలారు. ఏడేళ్లలో ఆయన వాళ్ల పని ముగించాడు. శిస్తు ఎక్కువ కట్టించాడు, బంట్లను పెట్టుకోనివ్వలేదు, ఎదురు తిరిగినవాళ్ల మీదికి సైన్యాన్ని పంపాడు. రైతు దగ్గర్నుంచి సర్కారే నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతి వచ్చాక మధ్యలో పాలెగాడికి పనే లేకుండా పోయింది. లొంగినవాళ్లలో చాలామందికి నెలనెలా భరణం కట్టాడు. దాన్నే తవర్జీ అన్నారు.

ఇక్కడ ఇంకోటి కూడా జరిగింది. పులివెందులకు తూర్పున, పాపఘ్ని కొండల మధ్య నుంచి బయటపడే చోట గండి ఆంజనేయస్వామి గుడి ఉంది. ఆ లోయకు అడ్డంగా కట్టిన బంగారు తోరణం మన్రోకు కనిపించిందని అక్కడ కథ. అది పుణ్యాత్ములకే కనిపిస్తుందట, కనిపించినవాడు ఎక్కువకాలం బతకడట. ఇట్లాంటి కథలు మామూలుగా రాజులకు పుడతాయి. పాలెగాడి నుంచి అధికారం కలెక్టరు చేతికి వచ్చేసరికి జనం కథను కూడా కలెక్టరుకే కట్టేశారు. కంపెనీ తవర్జీతో కొన్నది అధికారాన్ని. అధికారం పోయిన చోట గౌరవం కూడా ఎంతోకాలం నిలవదని పాలెగాళ్ల ఇళ్లలో తర్వాత తెలిసొచ్చింది.

*

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 2019లో వచ్చిన 'సైరా' సినిమా దేశమంతటికీ చూపించింది. సినిమాలో పట్టని ఒక అంకె కలెక్టరు కాగితాల్లో ఉంది. ఆయనకు వచ్చే తవర్జీ నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు.

మొదటిసారి చూసినప్పుడు ఇంత చిల్లర ఎట్లా వచ్చిందా అనిపించింది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు వేసి లెక్క కడితే సరిగ్గా 35 రూపాయల్లో మూడో వంతు వస్తుంది. పొలం పంచుకున్నట్టే భరణాన్నీ పంచుకుంటూ వచ్చారన్నమాట. తాతల కాలంలో కోట, తండ్రి కాలంలో భరణం, కొడుకుల కాలంలో భరణంలో వాటా.

నొస్సం జయరామిరెడ్డి ఈయనకు తాత. ఆ ఇంటి భరణాన్ని సర్కారు ఆపేసింది. అందులో తనకు ఏమీ దక్కలేదన్న కసి నరసింహారెడ్డికి ఉందని అప్పటి కడప కలెక్టరు కాక్రేన్ పైకి రాశాడు. అదే సమయంలో, చనిపోయిన కట్టుబడి బంట్ల ఇనాము భూములను సర్కారు వెనక్కి తీసుకోవడం మొదలైంది. అంటే పాలెగాడికీ, అతని పాత బంట్లకూ ఒకేసారి పొట్ట మీద దెబ్బ పడింది. 1846 జులైలో వాళ్లు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. అప్పట్లో అది కడప జిల్లాలోదే. అక్టోబరులో ఆయన పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనం ముందు ఉరి తీశారు. ఆయన తలను 1877 దాకా అక్కడి కోట బురుజుకు వేలాడదీశారు. నెలకు పన్నెండు రూపాయలైనా లేని మనిషి తల అన్నేళ్లు వేలాడిందంటే, ఆ పేరుకు కంపెనీ ఎంత భయపడిందో అర్థమవుతుంది.

మన్రో బేరానికీ ఇప్పటి ఐరోపా రాజుల బేరానికీ తేడా ఇక్కడే ఉంది. బ్రిటన్ ఇచ్చే సావరిన్ గ్రాంటు రాజు అనే పదవి నడవడానికి ఇచ్చేది. 2024-25కి అది 8 కోట్ల 63 లక్షల పౌండ్లు. రాజుకు నలుగురు బిడ్డలున్నా అది నాలుగు ముక్కలు కాదు. ఇవ్వాల్సినదాన్ని పార్లమెంటు చట్టంతో కడతారు, లెక్కలు బయటపెడతారు. తవర్జీ అట్లా కాదు. ఒక కుటుంబం నోరు మూయించడానికి ఇచ్చింది. తరానికింత తగ్గుతుంది, వారసుడు లేడంటే ఆగిపోతుంది, అడిగితే కచేరీ చుట్టూ తిరగాలి. చేసే పని ఏమీ లేదు, పొందే మర్యాదా లేదు. అటువంటి బేరం ఎక్కువకాలం నిలవదు.

*

వందేళ్ల తర్వాత ఇదే బేరాన్ని స్వతంత్ర భారతదేశం ఇంకా పెద్ద ఎత్తున చేసింది. మాకు దగ్గరలోనే ఉన్న బనగానపల్లె నవాబుల సంస్థానం 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మా జిల్లాను కంపెనీకి వదిలేసిన నిజాము వంశంలో చివరివాడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1950 నుంచి 1956 దాకా హైదరాబాదుకు రాజప్రముఖ్‌గా ఉన్నాడు. మంత్రుల సలహాతో సంతకాలు పెట్టే పదవి అది. అంటే తెలుగు నేల మీద ఆధునిక రాజు ఒకడు ఆరేళ్లకు పైగా నిజంగానే ఉన్నాడు.

ఆయన రాజభరణం ఏడాదికి 42,85,714 రూపాయలు. ఇదీ వింత అంకే. 50 లక్షల హైదరాబాదు హాలీ సిక్కాలను 7కి 6 చొప్పున ఇండియా రూపాయల్లోకి మారిస్తే అంత వస్తుంది. 1967లో ఆయన పోయాక వారసుడికి అది 20 లక్షలకు దిగింది. మళ్లీ తవర్జీ దారే.

1970 సెప్టెంబరులో రాజభరణాల రద్దు బిల్లు రాజ్యసభలో వీగిపోయింది. ఓటేసిన 224 మందిలో మూడింట రెండు వంతులు కావాలి. పడినవి 149. మూడో వంతు ఓటు తక్కువైంది. తర్వాత రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు తీసేస్తే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 1971 డిసెంబరులో 26వ రాజ్యాంగ సవరణతో ఆ కథ ముగిసింది. ఈసారి గొడవంతా పార్లమెంటులో, కోర్టులో జరిగింది. ఏ బురుజు మీదా ఎవరి తలా వేలాడలేదు. 1846కీ 1971కీ మధ్య మనం సంపాదించుకున్నది తక్కువేమీ కాదు.

అయితే ఒకటి మిగిలిపోయింది. జపాన్, స్వీడన్ లాంటి దేశాలు వంశాన్నీ అధికారాన్నీ విడదీశాయి. వంశాన్ని మందిరంలో కూర్చోబెట్టి, అధికారాన్ని ఓటుకు అప్పగించాయి. మనం కిరీటం తీసేశాం కానీ ఆ విడదీసే పని పూర్తి చెయ్యలేదు. పులివెందుల నుంచి వచ్చానంటే చాలు, నగరంలో కొత్తగా పరిచయమైనవాళ్లు "ఓ, మీదంతా రాజ్యమే కదా" అంటారు. ఆ శాసనసభ స్థానం 1978 నుంచి ఒకే కుటుంబంలో ఉన్న మాట నిజం. ప్రతిసారీ ఎన్నికల ద్వారానే వచ్చిందన్న మాటా అంతే నిజం. పాలెగాడెప్పుడూ ఓటు అడగలేదు. కాబట్టి రెండిటినీ ఒకే గాట కట్టడం చరిత్రకూ అన్యాయం, ఓటేసినవాళ్లకూ అన్యాయం. పైగా అట్లా వెక్కిరించేవాళ్ల సొంత నియోజకవర్గాల్లో, ఢిల్లీలో, చెన్నైలో, హైదరాబాదులో తండ్రి తర్వాత కొడుకు, అన్న తర్వాత చెల్లెలు ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టలేం.

మన సీమ పేరులోనే రాయలున్నాడు. 1928లో నంద్యాల సభలో 'దత్తమండలాలు' అన్న మాటను అవమానంగా భావించి, రాయలసీమ అని పెట్టుకున్నాం. పేరులో రాజు ఉంటే నష్టమేమీ లేదు. రాజు పేరును పేరు దగ్గర, సర్కారును సర్కారు దగ్గర ఉంచడానికి బెల్జియం మంత్రులకు రెండు రోజులు కూడా పట్టలేదు. మనకు అది ఇంకా చెయ్యాల్సిన పనే.