ఇటలీ వైన్ బాటిల్‌పై డీఓసీజీ అంటే ఏంటి? బంగినపల్లి మామిడితో పోలికేంటి?

బంగినపల్లి అనగానే మామిడి పండే గుర్తొస్తుంది. కానీ ఆ పేరు ఉమ్మడి కర్నూలు జిల్లాలోని (ఇప్పుడు నంద్యాల) బనగానపల్లె నుంచి వచ్చింది. ఆ పేరుకు 2017లో జీఐ ట్యాగ్ దక్కింది. ఊరి పేరును చట్టంతో కాపాడే ఇలాంటి పనిని వైన్ విషయంలో ఇటలీ 1963లోనే మొదలుపెట్టింది. అక్కడి బాటిళ్లపై ఉండే అక్షరాల అర్థమేంటో చూద్దాం..

నాలుగు మెట్లు ఇవే..

వినో: మామూలు వైన్. లేబుల్‌పై ప్రాంతం పేరు వేసుకోకూడదు.

ఐజీటీ: 1992 చట్టంతో వచ్చింది. ప్రాంతం పేరు వాడొచ్చు, రూల్స్ కాస్త తక్కువ.

డీఓసీ: ఏ హద్దుల్లో పండాలి, ఏ ద్రాక్ష వాడాలి, దిగుబడి ఎంత మించకూడదు.. అన్నీ రాసిపెట్టి ఉంటాయి.

డీఓసీజీ: అన్నింటికంటే కఠినం. ల్యాబ్, రుచి పరీక్షలు పాసైతేనే బాటిల్‌పై నంబరున్న ప్రభుత్వ స్ట్రిప్ పడుతుంది. ఉదాహరణకు బరోలో వైన్‌ను నెబ్బియోలో ద్రాక్షతోనే చేయాలి. కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి. అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే. లేబుల్‌పై ‘రిసెర్వా’ అని ఉంటే 62 నెలలు.

ఊరా? ద్రాక్షా?

ఇక్కడే చాలామంది పొరపడతారు. ‘వినో నోబిలే ది మోంటెపుల్చానో’లో మోంటెపుల్చానో అంటే టస్కనీలోని ఊరు. ‘మోంటెపుల్చానో ద అబ్రుజ్జో’లో మాత్రం అది ద్రాక్ష రకం పేరు. రెండూ వేర్వేరు వైన్లు. అచ్చం మన బంగినపల్లిలా.. ఊరూ అదే, పండూ అదే!

పై మెట్టు అయితే రుచి గ్యారంటీనా?

కాదు. టస్కనీలోని ససికాయా వైన్‌ను కాబెర్నే ద్రాక్షతో చేస్తారు. అప్పటి స్థానిక రూల్స్‌లో అది ఇమడలేదు. దాంతో ప్రపంచమంతా పేరొచ్చినా ఏళ్ల తరబడి కింది మెట్టులోనే అమ్ముకున్నారు. 1994లో గానీ డీఓసీ రాలేదు. అంటే ఆ అక్షరాలు చెప్పేది ఎక్కడ పండింది, ఎలా చేశారు అన్నదే. రుచి సంగతి తాగేవాళ్లే తేల్చుకోవాలి.

మన రైతుకు ఏంటి?

బరోలో పేరు చుట్టుపక్కల కొన్ని గ్రామాలకే పరిమితం. బంగినపల్లి ట్యాగ్ పరిధి పెద్దది. రాయలసీమతో పాటు కోస్తా, తెలంగాణలోని కొన్ని జిల్లాలూ అందులో ఉన్నాయి. అయితే ట్యాగ్ వచ్చిందని ఊరుకుంటే సరిపోదు. 1999 జీఐ చట్టం ప్రకారం రైతు ‘ఆథరైజ్డ్ యూజర్’గా నమోదు చేయించుకుంటేనే ఆ ట్యాగ్‌ను తన పెట్టెపై వేసుకునే హక్కు దక్కుతుంది. పేరు ఊరిదే అయినా, దాని లాభం రైతుకు చేరాలంటే ఈ నమోదే కీలకం.

(గమనిక: మద్యపానం ఆరోగ్యానికి హానికరం. ఈ కథనం అవగాహన కోసం మాత్రమే.)