కచ్చిడి చేప పక్కన ఒక ఇంటిపేరు

కచ్చిడి చేప లక్షలు పలికిందని పేపర్లో ఫొటో వచ్చినప్పుడల్లా మా అత్తయ్యగారు "అంత పోసి కొని తింటే అరుగుతుందా?" అంటారు. ఆ ధర కూరముక్కలకి కాదండీ, దాని పొట్టలో ఉండే గాలితిత్తికి. మొన్న దాని సంగతి చదువుతుంటే శాస్త్రనామం పక్కన ఒక ఇంటిపేరు కనిపించింది: ప్రోటోనీబియా, ట్రెవావాస్, 1971. ఎవరా అని వెతికితే, ఆవిడ!

ఎథెల్విన్ ట్రెవావాస్ 1900లో ఇంగ్లండులోని పెన్‌జాన్స్‌లో పుట్టారు. కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పారు. తర్వాత లండన్‌లో ఆడపిల్లలకి గృహవిజ్ఞానం నేర్పే కాలేజీలో చేరారు. అక్కడుండగానే నేచురల్ హిస్టరీ మ్యూజియంలో చేపల పనికి సాయం వెళ్తూ, 1935లో అక్కడే ఉద్యోగం సంపాదించారు. 1961లో రిటైరయ్యారు.

ఇప్పుడు లెక్క చూడండి. కచ్చిడి జాతికి ఆ పేరు పెట్టింది 1971లో. అంటే ఉద్యోగం అయిపోయిన పదేళ్లకి. రిటైరయ్యాక కూడా ఆవిడ ఆ చేపల సీసాల దగ్గరికి వస్తూనే ఉన్నారన్నమాట.

నాకు ఇక్కడే మనసు ఆగిపోయింది. ఒకసారి ఏదో ఫారం నింపుతూ వృత్తి దగ్గర 'గృహిణి' అని చెబితే, అవతలాయన తలెత్తకుండా 'ఏమీ లేదు' అని రాసుకున్నాడు. ఆ రోజు పొద్దున్న ఐదింటికి లేచానని ఆయనకి చెప్పాలనిపించింది. చెప్పలేదు లెండి.

ఆవిడ చేసిన పనేమీ తేలికది కాదు. కచ్చిడీ, మనం వండుకునే గొరకలూ ఒకే కుటుంబం. పైకి చూస్తే చాలావరకు అన్నీ ఒకేలా వెండిరంగులో ఉంటాయి. స్పిరిట్ సీసాలోంచి తీసి, పొట్ట విప్పి, గాలితిత్తికి కొమ్మలెన్ని, అవి ఎటు చీలాయి అని చూడాలి. తలలో ఉండే తెల్లరాళ్ల ఆకారం కూడా చూడాలి. ఎప్పుడో ఎవరో రాసిన చీటీతో సరిపోల్చాలి. ఒక్క చీటీ తారుమారైతే ఆ చేప ఏ సముద్రానిదో చెప్పేవాళ్లుండరు. అలా హిందూ మహాసముద్రం నుంచి పశ్చిమ పసిఫిక్ దాకా ఉన్న ఈ కుటుంబం మొత్తాన్ని సర్ది 1977లో అచ్చువేశారు.

అదీ చాలలేదు. 80 దాటాక, 1983లో, తిలాపియాల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. అవే, మన చెరువుల్లోనూ చేరిపోయిన తిలాపియాలు. వాటిని విడదీయడానికి ఆవిడ చూసినవాటిలో ఒకటి, పిల్లల్ని పెంచే తీరు. కొన్ని నేల మీద గుడ్లు పెట్టి కాపలా కాస్తాయి. కొన్నిటిలో తల్లి గుడ్లని నోట్లో పెట్టుకుని మోస్తుంది. మగవాళ్లు మోసేవీ ఉన్నాయి. ఆ ముక్క మావారికి రెండుసార్లు చదివి వినిపించాను!

ఆవిడ 1993లో పోయారు.

పోయిన ఆదివారం గొరకలు తెచ్చారు. శుభ్రం చేస్తూ గాలితిత్తిని పారేయకుండా పళ్లెంలో పెట్టి చూశాను. క్యారెట్ ఆకారంలో తెల్లగా, రెండు పక్కలా కుచ్చులు వేలాడుతున్నాయి.

అత్తయ్యగారు కళ్లజోడు సర్దుకుని ఒంగి చూశారు. "ఇదేనా లక్షలది?"

"కాదత్తయ్యా, ఇది గొరకది."

"మరి పారేయవే, పిల్లి తింటుంది" అన్నారు గానీ, పళ్లెం మాత్రం చాలాసేపు వదల్లేదు.