గిట్

గిట్ అనేది కోడ్‌లో జరిగే మార్పులను చరిత్రతో సహా భద్రపరిచే వెర్షన్ కంట్రోల్ వ్యవస్థ. లినక్స్ కెర్నెల్ బృందం 2002 నుంచి బిట్‌కీపర్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునేది. 2005లో ఆ వెసులుబాటు ఆగిపోయింది. మిగతా ఉచిత సాధనాల వేగం కెర్నెల్ పనికి చాలదని తేల్చుకున్న లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ మొదట్లో సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 7కల్లా గిట్ సొంత కోడ్ కూడా గిట్‌లోకే చేరింది. ఆ జూలైలో నిర్వహణ బాధ్యత జునియో హమానోకు అప్పగించారు. డిసెంబరు 21న 1.0 వెర్షన్ వచ్చింది.

గిట్ రెండు వెర్షన్ల మధ్య తేడాలను దాస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రతి కమిట్ ఆ క్షణానికి మొత్తం ప్రాజెక్టు ఎలా ఉందో చూపే పూర్తి ప్రతి. ఫైలులోని విషయాన్ని షా-1 పద్ధతిలో లెక్కించగా వచ్చే 40 అక్షరాల సంకేతమే దానికి పేరు. విషయం మారకపోతే పేరూ మారదు కాబట్టి, వంద కమిట్లలో ఉన్న ఒకే ఫైలును గిట్ ఒక్కసారే దాస్తుంది. తేడాల లెక్క వచ్చేది చోటు ఆదా కోసం అన్నిటినీ ప్యాక్ చేసేటప్పుడు మాత్రమే. కమిట్‌లో రాసినవారి పేరు, సమయం, సందేశంతో పాటు అంతకుముందరి కమిట్ సంకేతం కూడా ఉంటుంది. పాత కమిట్‌లో ఒక్క అక్షరం మార్చినా ఆ తర్వాతి సంకేతాలన్నీ మారిపోతాయి. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఒకే షా-1 సంకేతం వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను తయారుచేసి చూపించారు. ఆపై గిట్‌లో అలాంటి దాడిని పసిగట్టే ఏర్పాటు చేరింది, తర్వాత షా-256 మద్దతూ వచ్చింది.

ఈ నిర్మాణం ఒకసారి బుర్రకెక్కితే రోజువారీ భయాలు సగం పోతాయి. బ్రాంచ్ అంటే మామూలుగా ఒక కమిట్ సంకేతం రాసి ఉన్న 41 బైట్ల ఫైలు, అంతే. అందుకే కొత్త బ్రాంచ్ తెరవడం క్షణంలో పని. హార్డ్ రీసెట్ కొట్టి కమిట్లు పోగొట్టుకున్నామని కంగారుపడేవారు ముందు రిఫ్‌లాగ్ చూడాలి. ఏ బ్రాంచ్‌కూ అందని కమిట్ల ఆనవాళ్లు కూడా అక్కడ మామూలుగా 30 రోజులు ఉంటాయి. ‘యాడ్’ కూడా చేయని మార్పులను మాత్రం గిట్ వెనక్కి తేలేదు.

గిట్‌లో చాలామంది పట్టించుకోని గొప్ప ఆదేశం బైసెక్ట్. నిరుడు బాగా పనిచేసిన పేజీ ఇప్పుడు పనిచేయడం లేదు, మధ్యలో 1000 కమిట్లు ఉన్నాయి అనుకుందాం. బాగున్న కమిట్, చెడిన కమిట్ చెబితే గిట్ సరిగ్గా మధ్యది తీసి ముందు పెడుతుంది. అది బాగుందో లేదో చెప్పగానే వెతకాల్సింది సగానికి తగ్గుతుంది. సుమారు 10 పరీక్షల్లో తప్పు దొరికిపోతుంది. పరీక్షించే స్క్రిప్టును ‘బైసెక్ట్ రన్’కు అప్పగిస్తే మనిషి కూర్చోనక్కర్లేదు: స్క్రిప్టు 0 తిప్పి పంపితే బాగున్నట్టు, 1 పంపితే చెడినట్టు, బిల్డే కాని కమిట్‌ను వదిలేయమనడానికి 125. అయితే దొరికిన కమిట్‌లో 2000 వరుసల మార్పులుంటే వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. ఒక కమిట్‌లో ఒకే పని చేయమని సీనియర్లు పట్టుబట్టేది ఇందుకే.

గిట్‌హబ్ వేరు, గిట్ వేరు. గిట్‌హబ్ 2008లో మొదలైన హోస్టింగ్ సేవ. 2018లో మైక్రోసాఫ్ట్ దాన్ని 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. మామూలుగా క్లోన్ చేసిన ప్రతి కంప్యూటర్‌లోనూ పూర్తి చరిత్ర ఉంటుంది, కాబట్టి సర్వర్ పడిపోయినా పని ఆగదు. ఇదే గుణం ఒకచోట ప్రమాదం. క్లౌడ్ ఖాతా రహస్య కీ పొరపాటున పుష్ అయితే, తర్వాతి కమిట్‌లో ఆ ఫైలును తీసేసినా ప్రయోజనం లేదు. పాత కమిట్‌లో, దాన్ని లాగుకున్న ప్రతివారి దగ్గరా అది ఉంటుంది. ముందు ఆ కీని క్లౌడ్ ఖాతాలో రద్దుచేయాలి, చరిత్రను శుభ్రం చేయడం తర్వాతి మాట.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టేవారికి ఇంకో సంగతి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. గిట్ స్టేటస్ వాటిని అంకెలుగా చూపుతుంది: ‘క’ అక్షరం \340\260\225 అని కనబడుతుంది. ఫైలు పాడవలేదు. గిట్ కాన్ఫిగ్‌లో కోర్ విభాగంలోని కోట్‌పాత్‌ను ఫాల్స్ చేస్తే పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి.