నికెల్ పూత నుంచి నికెల్ నింద దాకా

విరిగిన ఎముకకు బిగించిన తొలి ప్లేట్లకే నికెల్ పూత ఉండేది. 1886లో హాంబర్గ్ సర్జన్ కార్ల్ హాన్స్‌మన్ వాడిన ఆ ఉక్కు ప్లేట్ల స్క్రూలు చర్మం బయటికి పొడుచుకొని ఉండేవి. ఎముక అతుక్కున్నాక మళ్లీ కోయకుండానే వాటిని లాగేసేవారు. లోహం వల్ల అలర్జీ రావచ్చన్న ఊహ అప్పుడు పెద్దగా లేదు. భయమంతా చీము గురించీ, తుప్పు గురించీ.

1937లో అమెరికన్ సర్జన్లు వెనబుల్, స్టక్ తుప్పు గుట్టు విప్పారు. రెండు వేర్వేరు లోహాలు ఒంట్లో ఉంటే, అక్కడి ఉప్పునీరు తోడై బ్యాటరీలా కరెంటు పుడుతుంది. లోహం కరిగి ఎముకను తినేస్తుంది. అందుకే వాళ్లు వైటాలియం అనే కోబాల్ట్-క్రోమియం మిశ్రమాన్ని వాడమన్నారు. స్టెయిన్‌లెస్ స్టీలూ వాడుకలో స్థిరపడింది. ఇక చిక్కు తీరిందనుకున్నారు.

తీరలేదు. తుప్పు పట్టని లోహం నుంచీ అయాన్లు ఊరుతూనే ఉంటాయి. స్టీలు రాడ్డులో పది శాతానికి పైగా ఉండే నికెల్ మన ప్రోటీన్లకు అంటుకుంటే, రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు ఆ జంటను పరాయిదిగా లెక్కగట్టి దాడికి దిగుతాయి. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి రసి కారడానికీ కారణం ఇదే. లోపలి లోహం వల్ల ఎగ్జిమా వస్తుందని 1966లో ఫ్రెంచి చర్మవైద్యులు ఫుసెరో, లోజియే రాశారు. కొందరిలో దురద ఒళ్లంతా పాకుతుంది, కీలు వాస్తుంది.

అసలు పేచీ 1974లో మొదలైంది. లోహం మీద లోహం కదిలే కృత్రిమ కీళ్లు వదులైన రోగుల్లో లోహపు అలర్జీ ఎక్కువగా కనిపిస్తోందని లండన్ సర్జన్లు చెప్పారు. అయితే అలర్జీ వల్ల కీలు వదులైందా, వదులైన కీలు రాసుకుని రాలిన పొడి వల్ల అలర్జీ వచ్చిందా? నా మటుకు రెండోదాన్ని కొట్టిపారేయడం కష్టమనిపిస్తుంది. 2010లో అలాంటివే అయిన ఏఎస్ఆర్ అనే కృత్రిమ తుంటి కీళ్లను వాటి తయారీ కంపెనీ వెనక్కి తీసుకున్నప్పుడు, మన దేశంలోనూ వేలమందికి అవి అమర్చి ఉన్నాయి. ఆ రోగుల్లో లోహపు విషమూ, అలర్జీ కలగలిసిపోయాయి.

అలర్జీ పరీక్ష మాత్రం పాతదే. 1895లో చర్మవైద్యుడు యాడాసోన్ పాదరసంతో మొదలుపెట్టిన ప్యాచ్ టెస్టుతోనే ఇప్పటికీ వీపు మీద నికెల్, కోబాల్ట్ అంటించి రెండు రోజులు ఆగి చూస్తారు. అందులో చర్మం ఎర్రబడినవాళ్లలో చాలామంది ఆ లోహంతోనే హాయిగా నడుస్తున్నారు. అందుకే నొప్పి తగ్గని కీలులో సర్జన్లు ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతుకుతారు. అన్నీ చూశాకే నికెల్‌ను అనుమానించి, టైటానియం వైపు చూస్తారు.