రెండో భాగం వసూళ్ల కథ

తెలుగులో రెండో భాగానికి చాలాకాలం పాటు మంచి పేరు లేదు. 2004లో వచ్చిన ‘శంకర్ దాదా ఎంబీబీఎస్’కు 2007లో ‘శంకర్ దాదా జిందాబాద్’, 2009 నాటి ‘కిక్’కు 2015లో ‘కిక్ 2’ వచ్చాయి. రెండూ మొదటి సినిమాల దరిదాపులకు రాలేదు. వాటి కథలు అప్పటికే ముగిసిపోయాయి. అమ్మడానికి మిగిలింది పేరూ హీరోయే.

2015 జులై 10న విడుదలైన ‘బాహుబలి’ కథను నడిమధ్యలో ఆపింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న దాదాపు రెండేళ్లు ఊళ్లు తిరిగింది. ఈలోగా థియేటర్‌కు వెళ్లనివారు కూడా మొదటి భాగాన్ని టీవీలో చూసేశారు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేసరికి ప్రపంచవ్యాప్త గ్రాస్ సుమారు 650 కోట్ల నుంచి 1,800 కోట్ల దాకా ఎగబాకింది. హిందీలో నెట్ వసూళ్లు దాదాపు 118 కోట్ల నుంచి 510 కోట్లకు చేరాయి. అసలు పెరుగుదల తెలుగు నేల బయటే ఉంది.

‘పుష్ప’దీ అదే దారి. అల్లు అర్జున్ డబ్బింగ్ సినిమాలు టీవీలో, యూట్యూబ్‌లో హిందీవాళ్లకు ముందే అలవాటు. 2021 డిసెంబరులో వచ్చిన మొదటి భాగం కొద్ది వారాలకే ఓటీటీకి చేరింది. 2024 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప 2’ ఒక్క హిందీలోనే 800 కోట్ల నెట్ దాటింది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో ఈ హిందీ వసూళ్ల అర్థం తేలిగ్గా తెలుస్తుంది. ఆ ఊళ్లోని లాల్‌ఖదాన్ ప్రాంతపు తెలుగు కుటుంబాలన్నీ టికెట్లు కొన్నా అక్కడి పంపిణీ సర్క్యూట్ వసూళ్ల అంకె పెద్దగా కదలదు. పక్కింటి హిందీ ప్రేక్షకుడు కొంటేనే కదులుతుంది.

మొదటి భాగాన్ని ముందే చూసిన జనమే రెండోదాన్ని పెంచుతారన్న లెక్కకు 2022 ఆగస్టు నాటి ‘కార్తికేయ 2’ మినహాయింపు. మొదటి భాగం చూడకపోయినా కథ అర్థమవుతుంది. కృష్ణుడు, ద్వారక అన్న పేర్లే హిందీ ప్రాంతాల్లో దానికి థియేటర్లు పెంచాయి.

హాలీవుడ్ సూపర్ హీరోల లెక్క కూడా దీనికి దూరం కాదు. 2005 నాటి ‘బ్యాట్‌మన్ బిగిన్స్’ సుమారు 37 కోట్ల డాలర్లు తెచ్చింది. దాని తరువాయిగా 2008లో విడుదలైన ‘ది డార్క్ నైట్’ 100 కోట్ల డాలర్లు దాటింది. 2019 నాటి ‘కెప్టెన్ మార్వెల్’ 113 కోట్ల డాలర్లు రాబట్టినా, 2023లో దాని తరువాయి ‘ది మార్వెల్స్’ 20 కోట్ల దగ్గరే ఆగింది. మొదటి సినిమా రెండు ‘అవెంజర్స్’ చిత్రాల మధ్య వచ్చింది కనుక ఆ జనంలో కొంత అరువు జనం. రెండోదాన్ని పూర్తిగా ఆస్వాదించాలంటే ముందుగా కొన్ని ఓటీటీ సిరీస్‌లు చూసి ఉండాలి.